ఐదొందల ఏళ్ల పెంచలనరసయ్య

ఉదయగిరి పెంచలనరసయ్యకు నలభై గొర్రెలు, రెండు మోకాళ్ల నొప్పులు, తన చేత్తో తొలిచిన ఒక రాతి తొట్టి ఉన్నాయి. పెళ్లైన ఏడాదే, మూడు నెలలు కూర్చుని తొలిచాడు దాన్ని. కొండ కింద, కోట గోడ పక్కన పెట్టి, ముప్పై ఏళ్లుగా గొర్రెలకు అందులోనే నీళ్లు పోస్తున్నాడు.

కోట గోడ పక్కన పెట్టడమే అతను చేసిన తప్పు. ఊళ్లో కొత్తగా మ్యూజియం పెడుతున్నారని, అక్కడ పడివున్న పాత రాళ్లన్నీ లారీకెత్తారు. వాటితో పాటు గొర్రెల తొట్టీ వెళ్లి, శుభ్రంగా కడిగించుకుని, లైట్ల కింద దర్జాగా కూర్చుంది. ముందు ఒక బోర్డు: రాజుగారి గుర్రాలు నీళ్లు తాగిన తొట్టి, పదిహేనో శతాబ్దం.

అసలే ఎండాకాలం. ప్లాస్టిక్ టబ్బు పెడితే గొర్రెలు బెదిరి దగ్గరికే రాలేదు. దాహంతో రెండు సొమ్మసిల్లాయి. పెంచలనరసయ్యకు ఏడుపొచ్చింది. టికెట్టు కొనుక్కుని మ్యూజియానికి వెళ్లాడు. ఆఫీసరు శ్వేత మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, రుజువు లేకుండా ఇవ్వడం తన చేతిలో లేదని చెప్పింది.

“రుజువు అడుగునే ఉండాది మేడమ్. నా పేరు చెక్కినాను. తిరగెయ్యండి.”

నలుగురు పట్టి తిరగేశారు. నిజంగానే పేరుంది, వంకరటింకరగా, అక్షరానికో సైజులో. శ్వేత ముఖం వెలిగిపోయింది. గంటలో బోర్డు మీద ఇంకో లైను చేరింది: శిల్పి పెంచలనరసయ్య.

ఆ శిల్పి తనేనని అతను ఆధార్ కార్డు తీసి చూపించాడు. ఆమె కార్డునూ బోర్డునూ మార్చి మార్చి చూసి, రెండు చేతులూ జోడించింది.

“అంటే ఆయన వంశం ఇంకా ఇక్కడే ఉందన్నమాట!”

ఇకమీదట టికెట్టు అక్కర్లేదని చెప్పి, శాలువా కప్పి మరీ పంపింది.

తొట్టి కోసం వెళ్లి శాలువాతో వచ్చిన మొగుణ్ణి సుబ్బరత్నమ్మ ఎగాదిగా చూసింది. జరిగిందంతా విన్నది. నవ్వలేదు. అటక మీది ఉలీ సుత్తీ దించి అతని ముందు పెట్టింది.

మోకాళ్లు పట్టుకుపోతున్నా, వాకిట్లో కూర్చుని కొత్త తొట్టి తొలిచాడు. అది పూర్తయ్యేదాకా ఆమె ఒక్కో గొర్రెనూ పట్టుకుని సత్తుగిన్నెతో నీళ్లు తాపింది. చివరి రోజు అలవాటుగా తొట్టిని బోర్లించి, అడుగున ఉలి ఆనించాడు.

“పేరొద్దయ్యా,” అంది సుబ్బరత్నమ్మ. “ఫోన్ నంబరు చెక్కు.”