ఎత్తని ఫోను

ఈ పొద్దున పక్క క్వార్టర్‌లో మేకుకు తగిలించిన చొక్కా జేబులో ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. ఆ ఇంటామె వంకాయలు తరుగుతూనే, "మా ఆయన దోస్తుదక్కా. ఆయన డ్యూటీల ఉన్నడు. మనమెందుకు ఎత్తాలె?" అంది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

గనిలోకి దిగేవాళ్లు ఫోను, బీడీలు, అగ్గిపెట్టె వెంట తీసుకుపోకూడదు. అందుకని మా గోదావరిఖనిలో చాలామంది షిఫ్టు దిగి ఇంటికి పోయే దోస్తు చేతిలో ఫోను పెట్టి, తర్వాత వాళ్లింటికెళ్లి తెచ్చుకుంటారు. మొదటి షిఫ్టు దిగివచ్చే మా ఆయన జేబులు మొబైల్ దుకాణంలా ఉండేవి. ఏది మోగినా ఎత్తేవాడు కాదు. ఒకరింటి ముచ్చట ఇంకొకరు వినకూడదని ఆ మనుషుల మర్యాద. ఒకనాడు రెండో షిఫ్టుకు దిగుతూ ఆయన దోస్తు అలాగే ఫోను ఇచ్చాడు. ఇద్దరూ బావా బావా అని పిలుచుకునేవారు. ఆ వారమే కల్లు దుకాణంలో పేకాట దగ్గర గల్లాలు పట్టుకుని కొట్లాడుకున్నారు కూడా. ఆ దోస్తు షిఫ్టు దిగాక ఇల్లు చేరలేదు. పాత పంపుహౌసు వెనక తలకు దెబ్బతో శవమై దొరికాడు. అతని ఫోనేమో మా బియ్యం డబ్బా మీద మోగుతూనే ఉంది. చంపడం చూసినవాళ్లు లేరు. కొట్లాట చూసినవాళ్లున్నారు, ఫోను మా ఇంట్లో దొరికింది. పోలీసులు హత్య కేసు పెట్టి మా ఆయన్ను కరీంనగర్ జైలుకు పంపారు.

ఆ తర్వాత నేను నల్లా దగ్గరికి వెళితే ఆడవాళ్ల మాటలు ఆగిపోయి, నీళ్ల చప్పుడొక్కటే వినిపించేది. చనిపోయినాయన భార్య మాత్రం ఒకసారి కూరగాయల బండి దగ్గర, నా ముఖం చూడకుండానే, "నాకెరుకే వదినె, ఫోన్ మీ ఇంట్లనే పెడ్తుండె. గని మా అన్నలు నోరు తెరవనిస్తలేరు" అంది. ఆ మాటను పట్టుకునే చాలా రోజులు అన్నం తినగలిగాను.

మా వకీలు బొగ్గుగని కార్మికుడి కొడుకే. ఫోను సంగతి చెప్పబోతే, "మా నాయిన గూడ గట్లనే ఇస్తుండె అమ్మా. అది నేను జెప్త, నువ్వు జామీనుదార్లను తీస్కరా" అన్నాడు. మా లైనులో తలుపులన్నీ కొట్టాను. ఒకాయన దీక్షలో ఉన్నానన్నాడు. వెనక వాకిట్లో కోడి ఈకలు ఇంకా తడిగానే ఉన్నాయి. చివరికి మా తమ్ముడు, వాడి దోస్తు సంతకాలు పెట్టారు. బెయిలు వచ్చింది. అప్పటికి నాకు అక్షరాలు రావు, వకీలే కాగితం చదివి చెప్పాడు. సాక్షులంతా మా లైనువాళ్లే కాబట్టి, కేసు తేలేదాకా ఆయన గోదావరిఖనిలో అడుగు పెట్టకూడదట.

నేనేమో ఆ మాట వినకముందే ఇల్లంతా కడిగి పెట్టాను. సర్వపిండి కాల్చి మూట కట్టుకుని వెళ్లాను. జైలు గేటు దగ్గర సంగతి చెప్పగానే ఆయన, "గట్లయితే జైలే నయముండె గదనే, నీకు దగ్గరుండె" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయన జగిత్యాల అవతల ఉన్న వాళ్లక్క ఊరి బస్సెక్కాడు, నేను గోదావరిఖని బస్సెక్కాను. సాయంత్రాలు గడవకే నేను పెద్దవాళ్ల చదువు తరగతిలో చేరాను.

కోర్టు కేసు కొట్టేశాక ఆయన తిరిగొచ్చాడు. చంపిందెవరో ఇప్పటికీ తెలియదు. తలుపు బార్లా తీసే ఉన్నా, గడప ముందర ఆగి గొళ్లెం చప్పుడు చేశాడు. లోపలికి వచ్చాక, చెప్పులు ఎక్కడ విడవాలని నన్నే అడిగాడు. ఆయన ఊరు చేరడానికి ఒక్క బస్సు చాలింది. ఈ ఇల్లు మళ్లీ ఆయనది కావడానికి మాత్రం ఇంకా కాలం పడుతూనే ఉంది.