పదమూడో నిమిషంలో ఆగిపోయే గొంతు

కరోనా సద్దుమణిగిన తర్వాతి వానకాలంలో నేను మొయినాబాద్ యూనిట్‌లో అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఉన్న. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఉన్న మా ఆఫీసుల్లో కంప్యూటర్ల బాధ్యత నాది. మిషన్లు సరఫరా చేసి వాటిలో సాఫ్ట్‌వేర్ ఎక్కించేది ఒక కాంట్రాక్టు కంపెనీ. ఏదైనా ఫిర్యాదు వస్తే పోయి చూసి కాల్‌షీట్ రాసేది నేను. కాల్‌షీట్ అంటే ఒక పేజీ ఫారం. ఫిర్యాదు ఏమిటి, తేలింది ఏమిటి అని రెండు గళ్లు ఉంటయి. కింద ఇంజనీర్ సంతకం పడితే అదే రికార్డు. ఆ తర్వాత ఎవరేమన్నా కాయితం మాటే నెగ్గుతది.

జులైలో చేవెళ్ల ఆఫీసు సూపరింటెండెంట్ ఫోన్ చేసిండు. స్వప్న అనే జూనియర్ అసిస్టెంట్ కొత్త కంప్యూటర్‌ను ఆగం చేస్తున్నది, రోజుకు పదిహేనుసార్లు బంద్ చేసి చాలు చేస్తున్నది, వచ్చి చూడుమన్నడు.

స్వప్నది ఆలూరు. ఐదో తరగతిలో జ్వరం వచ్చి రెండు కండ్లు పోయినయి. డిగ్రీ చదివి, పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నది. రైతులు ఫోన్‌లో చెప్పే ఫిర్యాదులు విని టైప్ చేయడం ఆమె పని. ఆమె కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ ఉంటది. తెర మీద ఉన్న అక్షరాలను, ఆమె నొక్కిన ప్రతి కీని అది పైకి చదివి వినిపిస్తది. ఆ గొంతు ఆగితే ఆమె ముందున్నది ఉత్త డబ్బా.

నేను పోయేసరికి కంప్యూటర్ అప్పుడే చాలు చేసి ఉన్నది. గొంతు బాగానే పలుకుతున్నది. డివైస్ మేనేజర్ తెరిచి చూసిన. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి భాగం పేరు అందులో కనబడతది. సౌండ్ కార్డు దగ్గర ‘సరిగ్గా పనిచేస్తున్నది’ అని ఉన్నది. స్పీకర్ పరీక్ష చేస్తే మోగింది. స్వప్న ఏదో చెప్పబోయింది. బస్సు టైమ్ అయితున్నదని నేను ఆగలేదు. కాల్‌షీట్‌లో ‘లోపం లేదు. వినియోగదారు కీలు సరిగ్గా వాడడం లేదు’ అని రాసి సంతకం పెట్టిన. మొత్తం పది నిమిషాలు.

పన్నెండు రోజుల తర్వాత ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

“సార్, మీరు రాసిన కాయితం నాకు సదివి వినిపించిన్రు. దాన్ని పట్టుకొని మెమో ఇచ్చిన్రు. పని ఎగ్గొట్టెతందుకు కావాలని కంప్యూటర్ బంద్ చేస్తున్ననట. రేపు సాయంత్రం వరకు జవాబియ్యాలె.”

ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నది. అంటే రెండేండ్ల పరీక్షా కాలం. అది ముగిసే నెలలో మెమో పడితే ఉద్యోగం ఖాయం కాదు. అది తెలిసి కూడా నేను గరమైన. చూసిందే రాసిన, నాకు కనబడని లోపం ఎట్ల రాస్తనన్న.

“మీరు ఎంతసేపు చూసిన్రు సార్?”

“పది నిమిషాలు.”

“అది పదమూడో నిమిషంల ఆగుతది. ఫోన్ల టైమ్ పెట్టి ఇరవైసార్లు చూసిన. మల్ల బంద్ చేసి చాలు చేస్తెనే మాట్లాడతది. అందుకే బంద్ చేస్తున్న. ఆనాడే చెప్దామనుకున్న, మీరు లేసి పోయిన్రు.”

రేపు పొద్దున్నే వస్తనని చెప్పిన.

తెల్లారి మొదటి బస్సుకు చేవెళ్ల పోయిన. కంప్యూటర్ చాలు చేయించి పక్కన కూర్చున్న. స్వప్న రెండు చేతులు ఒళ్లో పెట్టుకున్నది, ఒక్క కీ ముట్టలేదు. నేనే ఒక పేజీ చదవమని పెట్టిన. పన్నెండు నిమిషాలు చదివింది. పదమూడో నిమిషంలో ఒక మాట మధ్యలో గొంతు తెగిపోయింది. డివైస్ మేనేజర్‌లో అప్పుడు కూడా ‘సరిగ్గా పనిచేస్తున్నది’ అనే ఉన్నది.

“ఇన్నరా సార్?” అన్నది.

ఇక్కడ డ్రైవర్ అంటే ఏమిటో చెప్పాలె. సౌండ్ కార్డు భాష విండోస్‌కు రాదు, విండోస్ భాష కార్డుకు రాదు. ఇద్దరి మధ్య దుబాసీ వంటి చిన్న సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటరు. వివరాలు తెరిచి చూస్తే, కంపెనీవాళ్లు ఎక్కించిన డ్రైవర్ ఈ కార్డుది కాదు, అదే వరుసలో ఇంకో మోడల్‌ది. ఒక మిషన్‌లో తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌నే కండ్లు మూసుకొని అన్నింట్లోకి దించిన్రు. అది కొంతసేపు నడిచి ఇరుక్కుపోతున్నది. మొదటిరోజు ఇంకో మూడు నిమిషాలు కూర్చుంటే నాకు దొరికేది.

తీసేయాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలె. అది కంపెనీ దగ్గర ఉన్నది. వాళ్ల మేనేజర్‌కు ఫోన్ చేస్తే టికెట్, అంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు, పెట్టుమన్నడు, ఐదు పనిదినాలు పడుతదన్నడు. మెమోకు గడువు ఈ సాయంత్రమే అని చెప్పిన.

“ఆమెకు కండ్లు లేవు గద సార్, వేరే పనేదన్న చెప్పున్రి. సౌండ్ లేకుంటే ఆఫీసు ఆగుతదా?” అన్నడు.

నా ముప్ఫై ఏండ్ల ఉద్యోగంలో ఆఫీసులో అరిచింది ఆ ఒక్కరోజే. తప్పు డ్రైవర్ ఎక్కించింది మీరు, మెమో తీసుకున్నది ఆమె, టికెట్ నేను పెట్టాల్నా అని అరిచిన. ఫోన్ పెట్టేసిండు. అందులో సగం కోపం నా మీద నాకే అని ఇప్పుడు ఒప్పుకుంట.

మా నిబంధనల్లో ఒక దారి ఉన్నది. ప్రతి ఆఫీసు బీరువాలో పాస్‌వర్డ్ ఉన్న సీలు కవరు ఒకటి ఉంటది. ప్రజల పని ఆగిపోయినప్పుడు ఇంజనీర్ రాతపూర్వకంగా అడిగితే దాన్ని తెరవొచ్చు. కవరు ఇవ్వుమంటే సూపరింటెండెంట్ వారంటీ పోతే జిమ్మేదారి ఎవరిదన్నడు. ‘నాది’ అని కాయితం మీద రాసి ఇచ్చిన.

డ్రైవర్‌ను మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలదు. కంప్యూటర్ మళ్లీ చాలు కాంగనే, విండోస్ తన గోదాంలో దాచుకున్న నకలు తీసి పెట్టుకుంటది. అందుకే ముందు నెట్ వైరు పీకిన. కంపెనీవాళ్లు పెట్టిన అప్‌డేట్ ప్రోగ్రామ్ ఒకటి ఉన్నది, రోజూ పొద్దున అదే డ్రైవర్‌ను తెచ్చేది. దాన్ని తీసేసిన. తర్వాత కమాండ్‌తో గోదాం జాబితా తీస్తే అదే డ్రైవర్‌వి మూడు నకళ్లు బయటపడ్డయి. ఒక్కొక్కటి పేరుపెట్టి తొలగించిన. మళ్లీ చాలు చేస్తే విండోస్ తన సొంత సాదా డ్రైవర్‌ను పెట్టుకున్నది. గొంతు వచ్చింది. పాత డ్రైవర్ మళ్లీ జొరబడకుండా సెట్టింగ్ మూసి, అప్పుడు నెట్ వైరు పెట్టిన.

పదమూడు నిమిషాలు దాటినయి. స్వప్న వింటనే ఉన్నది. గంట దాటింది. ఇంకోసారి బంద్ చేసి చాలు చేయించింది, మళ్లీ గంట విన్నది. అప్పుడు, “ఇగ రాయున్రి సార్” అన్నది.

నేను క్షమాపణ చెప్పబోయిన. ఆమె మధ్యలోనే ఆపింది.

“మాఫీ నాకెందుకు సార్? కాయితంతోని పడ్డ నింద కాయితంతోనే పోవాలె. అది ఇయ్యున్రి.”

కొత్త కాల్‌షీట్ తీసుకొని ‘లోపం డ్రైవర్‌ది. నా మొదటి నివేదిక తప్పు. తగినంతసేపు పరిశీలించకుండా రాసిన’ అని రాస్తుంటే, సూపరింటెండెంట్ పక్కకు పిలిచిండు. ‘లోపం సరిచేయబడింది’ అని ఒక్క ముక్క రాస్తే చాలదా, రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలున్నయి, నీ మీదికి నువ్వే ఎందుకు తెచ్చుకుంటవన్నడు. నా మంచికే చెప్పిండు. కానీ ఆ ఒక్క ముక్కతో మెమో కొట్టుడు పోదు. లోపం నా మొదటి కాల్‌షీట్ తర్వాత వచ్చిందని ఎవరైనా అనొచ్చు. రాసింది రాసినట్టే ఇచ్చి, ఒక నకలు స్వప్న చేతిలో పెట్టిన. ఆమె దాన్ని తన జవాబుకు జతచేసి, సాయంత్రం నాలుగున్నరకు, వచ్చిన కాయితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నది.

మెమో రద్దయింది. కానీ ఫైలు పై ఆఫీసులో తిరిగి తిరిగి వచ్చేసరికి ప్రొబేషన్ ఉత్తర్వు మూడు నెలలు ఆలస్యమైంది. ఆమె కంటే వెనక చేరిన ఇద్దరు సీనియారిటీలో ముందుకు పోయిన్రు. దాన్ని సరిచేయుమని ఆమె పెట్టిన అర్జీకి నేను రిటైర్ అయ్యేదాకా జవాబు రాలేదు. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది, అందులో అన్యాయం లేదు. కంపెనీకి ఏమీ కాలేదు. మొయినాబాద్‌లో వెతికితే పద్నాలుగు మిషన్లలో అదే డ్రైవర్ ఉన్నది. వాటిలోనూ పదమూడో నిమిషంలో సౌండ్ పోతనే ఉన్నది. అక్కడ సౌండ్‌తో పని ఉన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఒక్క ఫిర్యాదు రాలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది.

నేను నేర్చుకున్నది ఇంతే. తెర మీద ‘సరిగ్గా పనిచేస్తున్నది’ అని ఉంటే అది విండోస్ అభిప్రాయం మాత్రమే. లోపం ఎప్పుడు వస్తదో, ఎట్ల వస్తదో రోజూ ఆ మిషన్ ముందు కూర్చునే మనిషికి తెలుసు. వాళ్లను అడగాలె. వాళ్లు చెప్పినంతసేపు అక్కడ కూర్చోవాలె. అంత టైమ్ లేనివాడు ‘తేలలేదు’ అని రాయాలె తప్ప, మనిషి తప్పని రాయొద్దు.