పేరు మార్చి రాసిన గుట్టు

తన బతుకు రాసుకునే మనిషి పక్కవాళ్ల బతుకును ఎక్కడ వదిలెయ్యాలి? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

గౌరీశ్వరి, నూకరత్నం, మరో ఇద్దరు ఆడవాళ్లు ఫిషింగ్ హార్బర్‌లో కలిసి వేలంలో చేపలు పాడుకుని, నాలుగు కుప్పలు పోసి పంచుకునేవారు. ఇంటికెళ్లాక గౌరీశ్వరి ఫోన్లో బ్లాగు రాసేది. తన కష్టాలు రాసినన్నాళ్లూ చదివినవాళ్లు పదిమందే. మొగుడు తన్ని తరిమేస్తే ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద పడుకునే స్నేహితురాలి గురించి రాశాక వందలమంది ఏడ్చారు. ఆ స్నేహితురాలు నూకరత్నమే. పేరు మార్చింది గాని, మోచేతి మీద కాలిన మచ్చను మాత్రం ఉన్నదున్నట్టే రాసేసింది.

టీకొట్టు దగ్గర ఎవరో ఆ మచ్చను బట్టి పోల్చుకుని, బ్లాగును నూకరత్నం మొగుడికి చదివి వినిపించి నవ్వారు.

మర్నాడు నూకరత్నం వాచిన కన్నుతో వచ్చి, చేపలు మూడు కుప్పలే పోసింది.

"నా వాటా ఏదే?" అంది గౌరీశ్వరి.

"నీకేటి తక్కువే? నా దెబ్బలు సూసి ఏడ్సినోల్లు అంతమందున్నారు గదా. ఆల్లనడుగు, ఇత్తారు."

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. "అలగేటి సూత్తన్నావు? ఇదీ రాసుకో!"

గౌరీశ్వరి ఫోను మోగింది. బ్లాగు చదివేవాళ్లెవరో రాశారు: "తర్వాత ఏమైంది అక్కా? మళ్లీ కొట్టాడా? త్వరగా రాయండి."

నూకరత్నం కంటి వైపు చూడలేక, గౌరీశ్వరి తన ఖాళీ గంప ఎత్తుకుని, వెళ్లొస్తానని ఎవరికీ చెప్పకుండా గేటు దాటింది.