ఆల్టర్ చేసిన ముక్కు చేపలు

కదిరిలో రహంతుల్లా చేపల బండి పెట్టి ఏడాది కాలేదు. అంతకుముందు దర్జీ. రెడీమేడ్ బట్టలు వచ్చి మిషను మూలపడ్డాక, చెరువులెండిన ఊరికి సముద్రపు చేపలు తెప్పించి అమ్మాలన్న ఆలోచన పుట్టింది. చేతి అలవాట్లు మాత్రం పోలేదు. చేపను బండ మీద పెట్టగానే ముడతలు సరిచేసినట్టు రెండుసార్లు నిమురుతాడు.

పక్కనే ఉడికించిన శెనక్కాయలు అమ్మే ఓబులమ్మకు అదొక వినోదం.

"ఏమప్పా, దానికి కాలరు పెడతావా, లేదా?"

బేరాలు సాగడం లేదు. బావమరిది బెంగళూరు గార్మెంట్స్‌లో పని చూసిపెట్టాడు. "ఈ ఆదివారం వచ్చే చేపల పెట్టె గూడా మిగిల్తే మర్నాడే బెంగళూరు బస్సెక్కాల్సిందే," అని భార్య షరీఫాబీ తేల్చేసింది. ఉన్న ఆశల్లా ఎలిజబెత్ టీచరు. కోస్తా నుంచి వచ్చిన ఆమె, ముక్కు చేపలు తెప్పిస్తే తోటి టీచర్లందరి చేతా కొనిపిస్తానంది.

ఆదివారం పొద్దున పెట్టె తెరిచి చూశాడు. అతనెప్పుడూ చూడని సన్నటి వెండి చేపలు. ప్రతిదానికీ కింది దవడ సూదిలా ముందుకు పొడుచుకొచ్చింది. పైది మాత్రం పొట్టిగా ఆగిపోయింది.

"అయ్యో, దావలో పైముక్కులు ఇరిగిపోయినాయే!" అంది ఓబులమ్మ.

"అన్నీ ఒకే తీరుగా యాడన్నా ఇరుగుతాయా?"

"అయితే కుట్టినోనికి కొలత తెలీదు. కింది అంచు ఎక్కువైండాది సూడు."

ఆ మాట దర్జీ ప్రాణానికి తగిలింది. అంచు ఎక్కువైన వస్తువును గిరాకీ చేతిలో ఎట్లా పెట్టడం? పాత కత్తెర బయటికొచ్చింది. టీచరు వచ్చేసరికి చేపలన్నీ మూతులు సమంగా, బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

"ఇవేంటండీ?"

"మీరడిగిన ముక్కు చేపలే మేడమ్."

"మరి ముక్కేదీ?"

"కింది పక్క శానా పొడుగుండె. ఆల్టర్ చేసినా."

ఎలిజబెత్ ఓ చేపను తోక పట్టి ఎత్తి చూసింది. "ముక్కు చూసేగా దాన్ని గుర్తుపట్టేది! ఇప్పుడివి ఏ చేపలని చెప్పి మావాళ్ళ చేత కొనిపించను?" అంటూ తెచ్చిన సంచి మళ్ళీ మడిచింది.

బండి దగ్గరే ఉన్న షరీఫాబీ మొగుడివైపు తిరిగింది. "కిటికీ పక్క సీటు పట్టుకోపో."

"ఒక్క నిమిషం మేడమ్." రహంతుల్లా బండి కిందినుంచి ఓ కవరు తీశాడు. "ఇన్నేండ్లు కుట్టినా. ఎవురి గుడ్డలో ముక్కా దాచుకోలా. మిగిలింది మిగిలినట్టు వాళ్ళకే ఇచ్చినా. ఇవి గూడా మీవే."

కవరు నిండా ముక్కులు. కొసన ఎర్రటి రంగుతో, ఒక్కటీ పోకుండా. ఎలిజబెత్ ఒకదాన్ని చేప మూతికి ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది. ఆమెకు నవ్వాగలేదు.

"ఇవే! ఈ ఎర్ర కొసలు మర్చిపోతానా?"

"దారం తెమ్మంటావా మేడమ్? కుట్టించుకుందువు," అంది ఓబులమ్మ.

ఎలిజబెత్ చేపలతోపాటు కవరు కూడా తీసుకుంది, టీచర్లకు సాక్ష్యం చూపించాలని. మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ. వచ్చే ఆదివారానికీ కావాలని టీచర్లు చెప్పి పంపారు, ముక్కులతో సహా.

సాయంత్రం షరీఫాబీ కత్తెరను బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావ రాడులేరా. ఈడ వచ్చే వారానికి గూడా చేపలు కొలతలిచ్చి పోయినాయి."