రామా రంగు నీళ్ళు

స్వరాజ్యం సిరిసిల్లలో నేత ఇంట పుట్టింది. పెళ్ళయ్యాక భర్త సోమలింగంతో సూరత్ వచ్చి, పాండేసరా పక్కనున్న వడోద్‌లో ఒక వరస ఇంట్లో కాపురం పెట్టింది. సోమలింగం బట్టలకు రంగులద్దే మిల్లులో రంగులు కలిపేవాడు. ఆమె అదే మిల్లులో చీరల అంచున వేలాడే దారాలు కత్తిరించేది. కొన్నేళ్ళకు సోమలింగం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆమె మాత్రం ఆ కత్తెర వదల్లేదు.

కరోనా ఏడాది మార్చిలో మిల్లులన్నీ మూతపడ్డాయి. పుట్టినప్పటి నుంచీ మగ్గాల చప్పుడులోనే బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టుండేది. పట్టపగలు వీధిలో నిలబడితే ఎవరో ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు అనిపించేది. రైళ్ళు మళ్ళీ కదలగానే చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. కూతురు సింధూజకు నెలలు నిండడంతో స్వరాజ్యం కదల్లేకపోయింది.

మే నెలలో మనవరాలు పుట్టింది. పిల్లకు తొమ్మిదో రోజు ఉదయం స్వరాజ్యం బోరు మోటరు వేసి బకెట్టు పట్టింది. పొత్తిగుడ్డలు ఉతికి ఆరేశాక చూస్తే, తెల్లగా ఉండాల్సిన గుడ్డలు నీలానికీ ఆకుపచ్చకీ నడుమ రంగుకు తిరిగాయి. సూరత్ చీరల బజారులో ఆ రంగును రామా అంటారు.

ఆమె మళ్ళీ బకెట్టు పట్టి చూస్తే నీళ్ళే ఆ రంగులో ఉన్నాయి. మిల్లులు నడిచే రోజుల్లో బోరు నీళ్ళకు వాసన ఉండేది, రంగు ఎన్నడూ లేదు. ఇప్పుడు చుట్టుపక్కల ఒక్క మిల్లూ నడవడం లేదు. పైగా ఆ రంగును తమ మిల్లు ఒకే ఒక్క సీజన్లో, పదకొండేళ్ళ కింద కలిపింది. సరుకు నచ్చలేదని కొన్నవాళ్ళు తిప్పి పంపితే, మిగిలిన డ్రమ్ములన్నీ మిల్లు వెనక గుంటలో పారబోయించారు. పారబోసినవాడు సోమలింగమే. రెండు వారాలు మోచేతుల దాకా ఆ రంగుతోనే అన్నం తిన్నాడు.

పక్కింటి పోశమ్మ బకెట్టులోకి తొంగిచూసి వెనక్కి జరిగింది.

"అక్కా, ఇది అన్న చేతుల రంగు గదనే! పిల్లను చూడనీకి వచ్చిండేమో."

పోశమ్మ బోరు దగ్గర నిమ్మకాయ కోసి పెట్టింది. స్వరాజ్యం ఆ కాయను అక్కడే ఉంచింది. రెండు రోజులు బకెట్టు నిండగానే అందులో చెయ్యి ముంచి చూసింది. నీళ్ళు మనిషి అరచేయిలా వెచ్చగా ఉన్నాయి. మూడో రోజు పిల్ల గోళ్ళ అంచున సన్నగా అదే రంగు కనపడేసరికి ఆమె బకెట్టు ఒంపేసింది. వెళ్ళి బోర్లు బాగుచేసే మొండయ్యను పిలుచుకొచ్చింది.

మొండయ్య తాడుకు రాయి కట్టి గొట్టంలోకి వదిలి, పైకి లాగి తడి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"అరవై అడుగుల కాడుండే నీళ్ళు ఇరవై రెండుకు వచ్చినయి చెల్లె. మిల్లుల మోటర్లు బందైనయి గద, కిందికెళ్లి గుంజేటోడు లేడు. నీళ్ళు మీదికి ఎక్కుతున్నయి. గిన్నేండ్ల సంది మన్నుల ఇంకినదంత మోసుకొస్తున్నయి."

"అయితే దయ్యం కాదా అన్నా?"

"దయ్యమైతే మంచిగనే ఉండె. నిమ్మకాయకు పోతుండె."

జూలైలో మిల్లు తెరవడానికి సన్నాహాలు మొదలయ్యాయి. యజమాని బ్యాంకులో అప్పు అడిగాడనీ, అధికారి చూసి సంతకం పెడితే వారంలో పని మొదలవుతుందనీ తెలిసి వీధికంతా ప్రాణం లేచి వచ్చినట్టయింది. అధికారి వచ్చే రోజు నేల తుడవడానికి స్వరాజ్యాన్ని రమ్మన్నారు. వచ్చినాయన పేరు జయదేవ్. ఫోనులో ఇంటివాళ్ళతో తెలుగు మాట్లాడుతుంటే ఆమె విన్నది. సంచిలోంచి సీసా తీసి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది, షర్బత్తా?"

"మా బోరు నీళ్ళు సార్. నా మనవరాలికి తానం పోసినయి. మిల్లు బందై నాలుగు నెలలాయె, రంగు ఇంక వస్తనే ఉన్నది."

జయదేవ్ గ్లాసు వెలుతురుకు పట్టి చూశాడు. "ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఆమె మిల్లు వెనక్కి తీసుకెళ్ళింది. గుంట పూడిపోయి గడ్డి మొలిచింది. పచ్చగానే ఉంది గాని ఆ గడ్డిలో ఒక్క పురుగు కదలదు, ఒక్క పిట్ట వాలదు. జయదేవ్ ఒక అడుగు వేయగానే నేల మెత్తగా దిగి, బూటు చుట్టూ రంగు ఊరింది. ఆయన చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నా కాగితాల్లో భవనం ఉంది, మిషన్లు ఉన్నాయి, గుడ్డ ఉంది. ఈ గుంట లేదు, ఈ నీళ్ళు లేవు," అన్నాడు మెల్లగా. "మిల్లు కోలుకుంటుందని రాయడానికొచ్చాను. ఏ నేల మీద కోలుకుంటుందో ఎవరూ అడగలేదు. ఇది రాస్తే ఆలస్యమవుతుందమ్మా. మీ పని కూడా పోవచ్చు."

"నాకెరికే సార్. రాయుండ్రి."

ఆయన రాశాడు. గుంట తవ్వి శుభ్రం చేయాలి, వాడిన నీళ్ళను శుద్ధి చేసి మళ్ళీ మిల్లులోనే వాడాలి, అప్పుడే అప్పు అన్నారు బ్యాంకువాళ్ళు. వారంలో తెరవాల్సిన మిల్లు దీపావళి దాటినా తెరవలేదు. పోశమ్మ భర్త నర్సింగం కూలి కోసం ఊరవతలి కడోదరా దాకా నడిచి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు.

"నీ నీళ్ళ కోసం మా పొయ్యి ఆర్పినవ్," అంది పోశమ్మ ఒకరోజు వీధిలో అందరి ముందూ. నర్సింగం పిల్లలు ఆకలితో ఉన్న మాట నిజం. స్వరాజ్యం ఇంట్లోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది.

గుంట తవ్వే రోజు ఏ రంగు ఎప్పటిదో చెప్పడానికి ఆమెనే పిలిచారు. యంత్రం నిలువునా కోసిన మట్టిగోడలో ఎరుపు, ఆవపిండి పసుపు, రామా, నలుపు, మడతపెట్టిన చీరల్లా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్కో వరుస నుంచి ఒక్కో రంగు నీరు బొట్టుబొట్టుగా కారుతోంది. యంత్రం నడిపేవాడు ఇంజను ఆపేసి దిగి దూరంగా నిలబడ్డాడు. స్వరాజ్యం ఏడాది ఏడాదీ చెప్పుకుంటూ వచ్చి, రామా వరుస దగ్గర ఆగిపోయింది. ఆ తడి మట్టి మీద అరచెయ్యి ఆనించింది. లోపల వెచ్చగా ఉంది. ఎవరో పిలిచేదాకా ఆ చెయ్యి తీయలేదు.

డిసెంబరులో మిల్లు తెరిచారు. మిల్లుకున్న మూడు బోర్లలో రెండు మూసేశారు, శుద్ధి చేసిన నీళ్ళే రంగు తొట్లకు తిరిగి వెళ్తున్నాయి. మునుపటంత మందికి పని లేదు గాని, నర్సింగానికి దొరికింది. స్వరాజ్యాన్ని నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకుల దగ్గర పెట్టారు. పోశమ్మ ఆమెతో మళ్ళీ మాట్లాడడానికి మరో ఎండాకాలం పట్టింది. సింధూజ మాత్రం పిల్లను తీసుకుని ఈ నీళ్ళకు దూరంగా నవాగామ్‌కు మారిపోయింది.

మిల్లు దారికి వచ్చినంత తొందరగా నేల దారికి రాలేదు. బోరులో రంగు తగ్గింది గాని పోలేదు. మనం ఇక్కడ బతికిన దానికన్నా ఎక్కువ ఏళ్ళు పడుతుందన్నాడు మొండయ్య. ఇప్పుడు వాళ్ళ వరసకు నగరపాలిక పైపు వచ్చింది. బోరు మోటరు విప్పేసి మూత బిగించారు. అయినా మిట్టమధ్యాహ్నం వీధి సద్దుమణిగినప్పుడు ఆ గొట్టంలోంచి గుటకలు మింగుతున్నట్టు చప్పుడు వస్తుంది. పిల్లలు మూతకు చెవి ఆనించి వింటుంటారు. స్వరాజ్యం బయటికి వచ్చి వాళ్ళను అదిలించి ఇళ్ళలోకి పంపుతుంది.