బెళుగుప్ప చేలో కుళ్లని పొర

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేరుశనగ విత్తే కాలంలో, కాలుష్య నియంత్రణ మండలి అనంతపురం ప్రయోగశాలలో సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా ఉండగా నాకు ఒక మెంబ్రేన్ పరీక్ష అప్పగించారు. మెంబ్రేన్ అంటే పలుచని పొర. సిరా లాంటివి కరిగించే సాల్వెంటు కలిసిన నీటిని దాని మీదుగా పంపితే సాల్వెంటు పొర దాటిపోతుంది, నీళ్లు ఇవతలే ఆగిపోతాయి. మాది మొక్కజొన్న పిండి నుంచి తీసిన పాలిమర్‌తో చేసింది. పని అయ్యాక మట్టిలో పాతితే ఆరు నెలల్లో కుళ్లిపోవాలి.

రాప్తాడులో ఓబుళరెడ్డి అనే ఆయన కవర్ల ప్రింటింగ్ యూనిట్‌కు అప్పటికి సీలు పడి ఉంది. సిరా కడిగిన నీళ్లు వంకలోకి వదిలాడని కేసు. ఆ నీటిని శుభ్రం చేయడంలో మా పొర నెగ్గింది. మట్టి పరీక్ష కూడా నెగ్గితే పొర వాడుకోనిచ్చి సీలు తీస్తారు. అందుకని బెళుగుప్పలోని తన చేనే పరీక్షకు ఇచ్చాడు. పది ముక్కలు తూకం వేసి, నంబర్లు గుద్ది, జానెడు లోతున పాతించాను. పోలికకు దాచమని నంబరు గుద్దిన మరో రెండు ముక్కలు అతని చేతిలో పెట్టి, పోగొడితే నీ మీదే రిపోర్టు రాస్తానని గట్టిగా చెప్పాను.

ఆరు నెలలయ్యాక మా జాయింట్ డైరెక్టర్ మేడమ్ సమక్షంలో తవ్వించాను. పది ముక్కలూ నిన్న పాతినట్టు మెరుస్తూ బయటికొచ్చాయి. కడిగి, ఆరబెట్టి తూచినా చిన్నమెత్తు తగ్గలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓబుళరెడ్డి ఉండబట్టలేకపోయాడు. "వానే లేదు కద సార్. ఏసిన వేరుశనగ బుడ్డలే మొలకెత్తలే, నీ కాగితం యాడ కుళ్లుతాది?"

మేడమ్ 'విఫలం' అని రాయబోతుంటే అతను పశువుల కొట్టంలోకి పరుగెత్తి ఒక బకెట్టు తెచ్చాడు. అందులో నేను దాచమని ఇచ్చిన రెండింటిలో ఒక ముక్క, జల్లెడలా చిల్లులు పడి, పేడ కంపు కొడుతోంది. అంచున మా నంబరు మాత్రం కనిపిస్తోంది.

"బర్రెలు కడిగిన నీళ్లు పారే దిబ్బలో పడిపాయ మేడమ్. రెండు నెల్లకే ఇట్లయింది. సార్ తిడతాడని దాసిపెట్టినా."

పేడను మట్టిగా లెక్కించలేమని ఆమె అభ్యంతరం చెప్పారు. "ఆ పేడే కద మేడమ్ మా చేలో మట్టయ్యేది," అన్నాడు. ఆమె నవ్వారు. నేను నవ్వలేదు. తడి దిబ్బలో మళ్లీ పరీక్ష పెట్టమని అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. రెండు నెలల్లో ముక్కలు కుళ్లి చేతికి దొరక్కుండా పోయాయి. సీలు తీశారు.

తడి లేని నేలలో ఏదీ కుళ్లదని అనంతపురంలో పుట్టి పెరిగిన నాకు తెలియాలి. అది చిన్న తప్పు. నా నోటికి జడిసి ఓబుళరెడ్డి నాలుగు నెలలు ఆ బకెట్టు దాచాడు. అతను ముందే చెప్పుకోగలిగి ఉంటే యూనిట్ నాలుగు నెలల ముందే తెరుచుకునేది. ఆ పరీక్షలో అసలు ఫలితాన్ని నేనే భయపెట్టి కొట్టంలో దాచిపెట్టించాను.