పాడవని బేరింగులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో మెకానికల్ పాఠాలు చెబుతూ, పార్ట్‌టైముగా పీహెచ్‌డీ చేసేవాణ్ణి. పెళ్లిళ్లలో కనబడ్డవాళ్లంతా "ఎంతవరకు వచ్చిందండి?" అని జాలిగా అడిగేవారు, ఎడతెగని కోర్టు కేసు సంగతి అడిగినట్టు.

నా విషయం రొయ్యల చెరువుల్లో గాలి అందడానికి నీళ్లు చిలికే ఏరియేటర్లు. వాటి చక్రాలను మోసే బేరింగులు ఉప్పునీటికి ఎలా అరుగుతాయో, ఎప్పుడు పాడవుతాయో కొలవాలి. మొదట పెట్టిన గ్రీజు తప్ప మళ్లీ వేయకూడదు. పాడయ్యేదాకా తిప్పాలి. అవి పాడైతేనే నాకు థీసిస్.

ఉప్పలగుప్తం దగ్గర ఒక ఆసామి తన చెరువులో రెండు ఏరియేటర్లు నాకు వదిలేశారు. అవి ఆగినా రొయ్యలకు ఇబ్బంది లేకుండా వేరేవి పెట్టుకున్నారు. గ్రీజు ముట్టుకోవద్దని చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. మా వైపు ఆ మాట ఒక్కోసారి ఒప్పుకోలు కాదు, మర్యాద. అక్కడే పుట్టి పెరిగినా నాకది తట్టలేదు.

ప్రతి ఆదివారం వెళ్లి, ఆయన కొట్టించిన బొండాం తాగి, బేరింగుల అదురు కొలిచేవాణ్ణి. ఏడాది దాటినా అవి చెక్కుచెదరలేదు. గ్రాఫు మీద గీత బల్లపరుపుగా సాగిపోయింది. నేను ఊరుకోలేక, ఆ చెరువు నీటిలోని బురద సన్నని పొరగా పట్టి బేరింగును కాపాడుతోందని ఒక సిద్ధాంతం లేవదీశాను. ఆ కాగితాలు పట్టుకుని, ముక్తేశ్వరం రేవు దాటి, ద్రాక్షారామం మీదుగా కాకినాడ వెళ్లి మా గైడుకు చూపించాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇనుముకీ ఉప్పునీళ్లకీ రాజీ కుదిరిందంటావు. ఎవరు నమ్ముతారయ్యా? నీ రిజిస్ట్రేషను ఈ ఏడాదితో సరి. ఒక్కసారి పొడిగిస్తారు, ఆ తరవాత పేరు కొట్టేస్తారు" అన్నారు.

ఆ వారం ఆదివారం వేరే పని పడి, శనివారమే చెరువుకు వెళ్లాను. ఆసామి మొలలోతు నీళ్లలో, నా ఏరియేటరు పక్కనే ఉన్నారు. చేతిలో గ్రీజు గన్ను. ఏ కంగారూ పడకుండా, "రేపొస్తారనుకున్నానండి. ఇంకొక్కటే మిగిలింది" అన్నారు.

"ప్రతి వారం పెడుతున్నారా బాబాయిగారూ?"

"ఆయ్. మీరొచ్చి కొలుస్తుంటే అది కీచుమంటే ఏం బాగుంటుందండి? మీ చదువుకి మాటొచ్చేస్తుంది కదండి. మీ బట్టలకి అంటుకోకుండా పైకి కారిందంతా తుడిచేస్తున్నానండి."

ఒళ్లు మండిపోయింది. ఏడాది పని, సిద్ధాంతంతో సహా, చెరువు పాలైంది. అరవాలనే అనుకున్నాను. కానీ ఆయన చుట్టాలొచ్చే ముందు వాకిలి ఊడ్చుకునే మనిషిలా నిలబడి ఉన్నారు, ఎలా అరుస్తాను? గట్టు మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఆయన గ్రీజు గన్ను గట్టు మీద పెట్టారు. "అయితే అది పోతేనే మీకు డాక్టరేటు ఇస్తారాండి?"

"అవునండి."

"ఇదేం చదువండి బాబూ" అన్నారు. మళ్లీ ఆయనే, "చూస్తూ చూస్తూ మిషను పాడుచెయ్యడం మా ఇంటా వంటా లేదండి. మీ కోసం ఊరుకుంటాను" అన్నారు.

గడువు పొడిగించారు. కొత్త బేరింగులు వేసి మళ్లీ మొదలుపెట్టాను.

చివరికి నాకు డాక్టరేటు వచ్చింది. అది వచ్చిన రోజు కన్నా మొదటి బేరింగు పోయిన రోజే నాకు బాగా గుర్తు. అంతకు కొన్ని వారాల ముందు నుంచే అది కీచుమంటోంది. ఆ ఆదివారం నా కళ్లముందే పెద్ద అరుపు అరిచి బిగుసుకుపోయింది. ఎగిరి గంతేయాలనిపించింది. ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగాను. ఆసామి చెరువుకు వీపు పెట్టి, తువ్వాలు చెవులకు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. చప్పుడు ఆగేసరికి తువ్వాలు విప్పారు.

"పోయిందాండి?"

"పోయిందండి."

"రెండోదానికైనా కాస్త గ్రీజు పెట్టనిస్తారాండి?" అని అడిగారు, ఇటు తిరగకుండానే.

సరేననబోయాను. కానీ గడువు దగ్గర పడింది, రెండోది కూడా పోవాలి.

"ఇప్పుడే వద్దండి" అన్నాను.

ఆయన "ఆయ్" అని, తువ్వాలు మళ్లీ చెవులకు చుట్టుకున్నారు.